విజయమా, పరాభవమా? — ఒక ఉగాది, రెండు పంచాంగాలు, నాగార్జునకొండ శాసనం

ఉగాది మాట వచ్చినప్పుడల్లా మన సభల్లో రెండు వాదాలు వినిపిస్తుంటాయి. ఉగాది అసలు బౌద్ధుల పండుగేననీ, తరువాతి కాలంలో వైదికులు దానిని తమదిగా చేసుకున్నారనీ ఒక వాదం. అది పురోహితుని పండుగ కనుక బౌద్ధ గృహస్థు దానిని గడప వెలుపలే ఉంచాలని మరొక వాదం. రెండింటిలోనూ ఆవేదన ఉంది; ఆ ఆవేదనకు కారణాలూ ఉన్నాయి. కాని చరిత్ర బోధనే వృత్తిగా గల మాకు ఆ రెండింటికీ ఆధారాలు చాలవని తోస్తున్నది. ఉగాది సంప్రదాయమని మనం ఒక్క ముద్దగా భావించేది నిజానికి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల ఏర్పడిన పొరల కలయిక. వాటిలో ఒక పొర మాత్రం మన నాగార్జునకొండ రాళ్ళ మీద ఉంది. దాని సంగతికి ముందు, ఆ పొరను వెదకడానికి మమ్మల్ని పురికొల్పిన ఒక ఉగాది ఉదయాన్ని గురించి చెప్పవలసి ఉంది.

2013 ఏప్రిల్ 11, గురువారం. పరిశోధన పనిమీద మేము ఢిల్లీలో, కటవారియా సరాయ్‌లో ఒక అద్దె గదిలో ఉంటున్న రోజులవి. సరాయ్ అంటే బాటసారుల విడిది. పేరుకు తగినట్లే ఆ ఊరు నేటికీ విడిదే. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ, కుతుబ్ సంస్థల ప్రాంతానికీ నడుమ ఇరుక్కుపోయిన ఆ పాత పల్లెలో, ఎదురెదురు మేడల మీది వాళ్ళు చేయి చాపితే అందేటంత ఇరుకు సందుల్లో, దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు గదులు పంచుకొని చదువుకుంటూ ఉంటారు. గేట్ పరీక్షకనీ, ఇంజనీరింగ్ సర్వీసులకనీ, సివిల్స్‌కనీ వచ్చిన తెలుగు పిల్లలు మేమున్న మేడలోనే పదిమందికి పైగా ఉండేవారు. పక్కనే సంస్కృత విద్యాపీఠం. అక్కడి జ్యోతిష విభాగంలో చదివే తెలుగు విద్యార్థులు ఒకరిద్దరు కూడా మా మెస్సుకే భోజనానికి వచ్చేవారు.

ఆ ఏడు ఉగాది పచ్చడి చేయాలని పిల్లలు సంకల్పించారు. మామిడికాయ ఐ.ఎన్.ఎ. మార్కెట్లో దొరికింది. చింతపండు, బెల్లం సరేసరి. దొరకనిది వేపపువ్వు. మన ప్రాంతంలో పూత రాలి చెట్ల మొదళ్ళు తెల్లబడే ఆ వేళకు ఢిల్లీ వేపలు ఇంకా రాగిరంగు చిగుళ్ళతో, విచ్చీ విచ్చని మొగ్గలతో ఉంటాయి. ధర్మశాస్త్ర నిబంధాలు ఈనాడు లేత వేపాకును కూడా తినమన్నాయని చెప్పి మేము వారిని సమాధానపరిచాము. ఇంతలో మా ఇంటి యజమాని మెట్లు దిగుతూ ఆగారు. ఉత్తరాదిన ఆ రోజు నవరాత్రులకు తొలి దినం. వారింట కలశస్థాపన జరిగింది. పిల్లలు ఆయనకు నమస్కరించి, ఈ రోజు తమకు 'విజయ' నామ సంవత్సరం ప్రారంభమైందని సంతోషంగా చెప్పారు. ఆయన తల అడ్డంగా ఊపి, లోపలి నుంచి తమ హిందీ పంచాంగం తెప్పించి చూపారు. విక్రమ సంవత్ 2070. సంవత్సరం పేరు 'పరాభవ'.

పరీక్షల కోసం ఇల్లూ వాకిలీ వదలి వచ్చిన పిల్లలకు ఆ రెండు మాటల నడుమ ఉన్న దూరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఒకే ఉదయం, ఒకే మేడ, ఒకే తిథి. కింది అంతస్తులో పరాభవం, పై అంతస్తులో విజయం. నవ్వులు వినిపించాయి గాని, ఒకరిద్దరి ముఖాలు వాడిపోవడం మేము గమనించాము.

ఆ బృందంలో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక యువకుడు ఉండేవాడు. తండ్రి తరంలోనే వారి కుటుంబం బౌద్ధం స్వీకరించింది. విద్యాపీఠం విద్యార్థి పంచాంగం తెరవబోతుండగా అతడు మా వైపు తిరిగి, "పచ్చడి పెట్టండి సార్, తింటాను. పంచాంగం మాత్రం నేను వినను" అన్నాడు.

"ఏమిటి నాయనా అభ్యంతరం?" అని అడిగాము.

"మా తాత దాన్ని జీవితమంతా దూరంగా నిలబడి విన్నాడు సార్. ఒక ఏడు ఆయన రాశికి ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు అని చదివారట. ఆ ఏడే ఆయన మళ్ళీ పాలేరుగా కుదిరాడు."

పండుగలు అందరివీ అనీ, సంస్కృతిని కులంతో ముడిపెట్టరాదనీ ఏదో అన్నాము. అతడు మారు పలకలేదు. పచ్చడి తిని గదికి వెళ్ళిపోయాడు. మేము ఇచ్చిన సమాధానం అధ్యాపకునికి తగినది కాదని మాకు ఆ క్షణానే తెలిసింది. ఈ వ్యాసం ఆ లోటును కొంతైనా పూడ్చుకొనే ప్రయత్నం.

ముందు విజయ–పరాభవాల తగవు తీర్చుదాం. ప్రభవ మొదలుకొని అక్షయ వరకు గల 60 పేర్లు బృహస్పతి గమనం నుంచి పుట్టినవి. బృహస్పతి సూర్యుని చుట్టి రావడానికి సుమారు 11.86 ఏళ్ళు పడుతుంది. అంటే సగటున 361 రోజులకు ఒక రాశి దాటుతుంది. అటువంటి ఐదు పరిభ్రమణాలు ఒక షష్టిచక్రం. సౌర సంవత్సరం కంటె ఈ బార్హస్పత్య వత్సరం నాలుగు రోజులు పైచిలుకు తక్కువ కావడం చేత, 85 సౌర సంవత్సరాలు గడిచేసరికి 86 బార్హస్పత్య వత్సరాలు పూర్తవుతాయి. ఆకాశంతో లెక్క తప్పకూడదని ఉత్తరాదివారు అంత కాలానికి ఒకసారి ఒక పేరును దాటవేస్తారు. దక్షిణాదివారు సుమారు పదో శతాబ్ది ఆరంభం నుంచి ఆ దాటవేతను మానుకొని, ఏటికొక పేరు చొప్పున వరుసగా లెక్కించడం మొదలుపెట్టారు. మనం బృహస్పతిని విడిచిపెట్టి అతని పేర్లను మాత్రం ఉంచుకున్నామన్నమాట.

ఈ విషయం ఆ మధ్యాహ్నం మెస్సులో చెబుతుంటే, పిల్లల్లో ఒకడు నోటుపుస్తకం వెనుక అట్ట మీద లెక్క వేశాడు. వరుసలో విజయ 27వది, పరాభవ 40వది. తేడా 13. పదమూడును 85తో గుణిస్తే 1105. దానిని 2013 నుంచి తీసివేస్తే 908. పదో శతాబ్ది ఆరంభం! ఉత్తర దక్షిణ పంచాంగాలు ఎప్పుడు విడిపోయాయో చెప్పడానికి ఏ గ్రంథమూ అక్కరలేదు. ఆ రెండు పంచాంగాలను పక్కపక్కన పెడితే చాలు. కింది అంతస్తు పరాభవమూ, పై అంతస్తు విజయమూ ఎవరి అదృష్టానికీ సంబంధించినవి కావనీ, పదకొండు శతాబ్దాలుగా పేరుకున్న లెక్కల తేడా మాత్రమేననీ తేలిన తరువాత ఆ గదిలో గాలి తేలికపడింది. జోస్యాన్ని గురించి మేము చేయగల ఏ ఉపన్యాసమూ చేయలేని పనిని ఆ గుణకారం చేసింది.

అయితే ఈ పేర్లు మన నేల మీద ఎప్పటివి? ఇక్కడే మనం నాగార్జునకొండకు రావాలి. 1926లో వెలుగుచూసి, లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్‌ల తవ్వకాల అనంతరం, సాగర్ జలాశయంలో మునిగిపోనున్నదని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో విస్తృతంగా తవ్విన ఆ లోయ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అక్కడి శాసనాల్లో కాలాన్ని చెప్పే పద్ధతి నేటి పంచాంగానికి అలవాటుపడిన చెవికి వింతగా ఉంటుంది. రాజు పాలనలో ఎన్నో ఏడు, ఏ ఋతువు, ఆ ఋతువులో ఎన్నో పక్షం, ఆ పక్షంలో ఎన్నో దినం. అంతే. మాసం పేరు లేదు, నక్షత్రం లేదు, వారం లేదు. ఋతువులు కూడా ఆరు కావు, మూడే: గిమ్హ, వస, హేమంత, అనగా గ్రీష్మం, వర్షం, హేమంతం. ఒక్కొక్కదానికి నాలుగు నెలలు, ఎనిమిది పక్షాలు. శాతవాహనుల శాసనాల్లోనూ ఇదే పద్ధతి. భిక్షువుల వర్షావాసం ఆషాఢ పూర్ణిమ దాటగానే మొదలవడం ఈ మూడు ఋతువుల లెక్కకు చెందినదే.

ఈ పద్ధతికి మహాచైత్యపు ఆయక స్తంభ శాసనాలు మంచి ఉదాహరణ. శాంతమూలుని సోదరి, వీరపురుషదత్తుని మేనత్త అయిన శాంతిశ్రీ వేయించిన ఆ శాసనాల తేదీ, వీరపురుషదత్తుని ఆరో రాజ్యవర్షం, వర్షఋతువులో ఆరో పక్షం, పదో దినం. పూర్ణిమాంత గణన ప్రకారం వేళ్ళ మీద లెక్కిస్తే, శ్రావణ భాద్రపదాల నాలుగు పక్షాలు గడిచి, ఆశ్వయుజ కృష్ణపక్షం ఐదోది, శుక్లపక్షం ఆరోది అవుతుంది. దాని పదో దినం నేటి భాషలో ఆశ్వయుజ శుద్ధ దశమి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షలాదిమందితో ధమ్మదీక్ష స్వీకరించిన రోజు కూడా ఆ దశమే కావడం చూసి మాకు ఒళ్ళు పులకించిన మాట నిజం. కాని లెక్క కుదిరినంత మాత్రాన ఇక్ష్వాకుల కాలంలో ఆ రోజున ఒక పండుగ ఉండేదని చెప్పడానికి వీల్లేదు. పులకింత వేరు, సాక్ష్యం వేరు.

ఇటువంటి పాత పద్ధతి నడుస్తున్న ఆ లోయలోనే, ఇక్ష్వాకుల శాసనాల్లో, 'విజయ' అనే సంవత్సర నామం కనిపిస్తుంది. షష్టిచక్ర నామాలు శాసనాలకెక్కిన అతి ప్రాచీన సందర్భాల్లో ఇది ఒకటి. కటవారియా సరాయ్‌లో పిల్లలు పచ్చడి గిన్నె చుట్టూ కూర్చొని పలికిన మాట, పదిహేడు శతాబ్దాల క్రితం కృష్ణాతీరపు బౌద్ధక్షేత్రంలో ఉలికెక్కిన మాట ఒక్కటే.

దీని మీద ఆధారపడి ఆ శాసనానికి క్రీస్తుశకపు ఏడు కట్టబోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2013 నుంచి అరవైలు తీసివేస్తూ పోతే 333, 273, 213 వస్తాయి. కాని ఇది నేటి దక్షిణాది లెక్క. దాటవేత ఇంకా అమలులో ఉన్న కాలానికి ఆ లెక్క చెల్లదు. బృహస్పతిని అనుసరించి వెనక్కి పోతే ఏడెనిమిదేళ్ళు పక్కకు జరుగుతుంది. ఇక్ష్వాకుల కాలనిర్ణయం వంటి సున్నితమైన విషయంలో ఏడెనిమిదేళ్ళు చిన్నవి కావు.

మరి, 'విజయ' అన్న ఆ పేరు బౌద్ధులదా, వైదికులదా? ఆ ప్రశ్నే సరికాదని మా అభిప్రాయం. మొదటి శాంతమూలుడు అశ్వమేధ వాజపేయాలు చేసినవాడు. ఆయన ఇంటి స్త్రీలు మహాచైత్యానికి స్తంభాలు నిలిపారు. ఒకే కుటుంబం, ఒకే కాలగణన. రాజాస్థానంలో గణకుడు చెప్పిన సంవత్సరం పేరును యజ్ఞశాలలో ఒకరు, విహారంలో మరొకరు వాడుకొని ఉంటారు. గణితానికి గోత్రం లేదు.

ఇంతకంటె ఆసక్తికరమైన సంగతి హిమాలయాల ఆవల ఉంది. టిబెట్ బౌద్ధులు తమ అరవై ఏళ్ళ చక్రాన్ని 'రబ్‌జుంగ్' అంటారు. అది సంస్కృత 'ప్రభవ' శబ్దానికి అనువాదం. మన చక్రంలోని మొదటి పేరే. కాలచక్ర తంత్రం టిబెటు భాషలోకి వెళ్ళిన సందర్భంలో 1027ను మొదటి రబ్‌జుంగ్‌కు తొలి ఏడుగా వారు నిర్ణయించారు. 1027కు పదహారు అరవైలు, అనగా 960 కలిపితే 1987. ఆ ఏడు టిబెటన్లకు పదిహేడో రబ్‌జుంగ్ ఆరంభమైంది. ఆ ఉగాదికే మనకు ప్రభవ నామ సంవత్సరం ఆరంభమైంది. అంటే 2013 నాటికి పక్క ఊరి హిందీ పంచాంగంతో పదమూడేళ్ళు ఎడబడి ఉండిన మన లెక్క, లాసా పంచాంగంతో ఏడాది కూడా తేడా లేకుండా నడుస్తున్నది!

ఆ కాలచక్రాన్ని బుద్ధుడు చైత్ర పూర్ణిమనాడు శ్రీధాన్యకటక మహాచైత్యం వద్ద ఉపదేశించాడని టిబెటన్ల విశ్వాసం. ధాన్యకటకం అంటే మన అమరావతి. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినది ఆ విశ్వాసంతోనే. చైత్రం, ధాన్యకటకం, ప్రభవ: ఈ మూడింటినీ ఒక దారానికి గుచ్చి, సంవత్సర నామాలు అమరావతి నుంచే టిబెట్‌కు వెళ్ళాయని చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కాని కాలచక్ర తంత్రం గ్రంథరూపంలో పదకొండో శతాబ్ది నాటిది. ధాన్యకటక కథనం విశ్వాసానికి చెందినదే తప్ప చరిత్రకు చెందినది కాదు. ఇక టిబెటు చక్రంలో దాటవేత లేకపోవడానికి చైనా నుంచి వచ్చిన షష్టిచక్రంతో దానిని జోడించడమే చాలిన కారణం. ఆ చక్రం ఏనాడూ ఏడాదిని దాటవేయదు. రెండు వేర్వేరు కారణాల చేత రెండు లెక్కలు కలిసి నడుస్తున్నాయి. కలిసి నడవడం మాత్రం వాస్తవం, అది చాలు.

సంవత్సర నామం తరువాత ఉగాది సంకల్పంలో వినిపించేది శాలివాహన శకం. 78లో మొదలైన ఈ శకం చరిత్ర కొంత హాస్యాస్పదమైనది. శాలివాహనుడంటే శాతవాహనుడేనని మన నమ్మకం. అయితే శాతవాహనులలో ఏ ఒక్కరూ ఈ శకాన్ని వాడలేదు. వారు రాజ్యవర్షాలే వాడారు. దానిని వాడినవారు వారి శత్రువులైన పశ్చిమ క్షత్రపులు. రుద్రదాముని జునాగఢ్ శాసనంలో చెప్పిన 72వ ఏడు ఈ శకానిదే, అంటే 150. శకులను నిర్మూలించినవాడని గౌతమీపుత్ర శాతకర్ణిని కీర్తించిన నాసిక్ శాసనం మనందరికీ తెలిసినదే. తల్లి గౌతమీ బాలశ్రీ ఆ శాసనం వేయించినది బౌద్ధ భిక్షువులకు గుహను దానం చేస్తూ అన్న సంగతి అంతగా గుర్తుచేసుకోము. శకులను నిర్మూలించిన వంశం పేరు, శకుల శకానికే, వెయ్యేళ్ళు గడిచిన తరువాత తగిలించారు. దక్కనులో ఈ శకం ప్రభుత్వ శాసనాల్లో స్థిరపడింది బాదామి చాళుక్యులతో. మొదటి పులకేశి బాదామి కొండ మీద వేయించిన శాసనం శక 465, అనగా 543 నాటిది.

మన మిత్రులు కొందరు ఇక్కడ మరొక అడుగు ముందుకు వేస్తారు. 78లో పట్టాభిషిక్తుడైనవాడు కనిష్కుడు, అతడు బౌద్ధ పోషకుడు, కనుక ఉగాదినాడు అందరూ తలచుకునేది బౌద్ధ శకాన్నే అంటారు. మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు పాఠ్యపుస్తకాల్లో అలాగే చదువుకున్నాము. కాని 2001లో హారీ ఫాక్ అనే జర్మన్ పండితుడు యవనజాతకంలోని ఒక గణిత వాక్యం ఆధారంగా కనిష్కుని శకం 127లో మొదలైందని ప్రతిపాదించాడు. నేడు చాలామంది చరిత్రకారులు దానినే అంగీకరిస్తున్నారు. బుద్ధుని ప్రతిమను నాణెం మీద ముద్రించిన కనిష్కుని గొప్పతనం ఈ 49 ఏళ్ళ తేడాతో తరిగిపోదు. పాత వాదాన్ని మాత్రం ఇక మన సంచికల్లో మళ్ళీ అచ్చువేయకుండా ఉండడం మంచిది.

స్వతంత్ర భారత ప్రభుత్వం ఈ శకాన్నే ఎన్నుకున్నది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1957 మార్చి 22న, శక 1879 చైత్రం 1న, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. తిథులతో నిమిత్తం లేని శుద్ధ సౌర చైత్రమది. గెజెటు తలకట్టు మీద ఉంటుంది, ఆకాశవాణిలో వినిపిస్తుంది. ఏ ఇంట్లోనూ ఆనాడు పచ్చడి చేయరు.

ఉగాది అనే పేరు కూడా అంత సూటిగా లేదు. నాలుగు యుగాల ఆరంభ తిథులని పురాణాలు చెప్పే యుగాదులు నాలుగు: వైశాఖ శుద్ధ తదియ, కార్తిక శుద్ధ నవమి, భాద్రపద బహుళ త్రయోదశి, మాఘంలో మరొకటి. మన చైత్ర శుద్ధ పాడ్యమి ఆ జాబితాలో లేనే లేదు! సంవత్సరాది కూడా అన్ని కాలాల్లోనూ చైత్రంలోనే ఉండేదనుకోనక్కరలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు పాయెస్, అక్కడివారు అక్టోబరు అమావాస్య తరువాత కొత్త సంవత్సరం జరుపుకొని కొత్తబట్టలు కడతారని రాశాడు. అది కార్తికాది గణన. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడు మొదలయ్యేదీ అక్టోబరులోనే. రాజుకొక ఏడాది, వర్తకునికొక ఏడాది, పన్నుకొక ఏడాది. ఇన్నింటి నడుమ చైత్రపు పాడ్యమి నిలిచిందంటే, దానికి వ్యవసాయంతో ఉన్న ముడి వల్లనేనని మేము భావిస్తాము. పంటలు ఇంటికి చేరి, లెక్కలు తేలే కాలమది.

లెక్కలు తేలడం అందరికీ ఒకటి కాదు. తెలంగాణ పల్లెల్లో జీతగాని ఏడాది ఉగాదితో ముగిసి ఉగాదితోనే మొదలయ్యేది. ఆసామి ఆనాడు అరకకు పసుపు కుంకుమలు పెట్టి కొత్త సాలు తోలించేవాడు. ఆ అరక వెనుక నడిచేవాని పాత బాకీ కొత్త ఏటికి మారేది. బక్షాలు వండిన ఇల్లూ, ఆ ఇంటి పశువుల కొట్టమూ ఒకే ఉగాదిని రెండు రకాలుగా ఎరుగుదురు. గుంటూరు యువకుని తాత గురించి విన్నప్పుడు మాకు తట్టవలసింది ఇది. సంస్కృతి అందరిదీ అన్నాము గాని, దానిని ఎవరెవరు ఎంతెంత దూరంలో నిలబడి విన్నారో అడగలేదు.

ఇక పంచాంగ శ్రవణం. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతి ఆ ఏటికి రాజు. మేష సంక్రమణం నాటి వారాధిపతి మంత్రి. 2013లో పాడ్యమి గురువారం కనుక బృహస్పతి రాజయ్యాడు. అంటే ఈ రాజ్యాంగమంతా వారం మీద ఆధారపడి ఉంది. మన శాసనాల్లో వారమెక్కడ? నిర్ణీతమైన తేదీ గల శాసనాల్లో వారం పేరు తొలిసారి కనిపించేది మధ్యప్రదేశ్‌లోని ఎరాన్‌లో, బుధగుప్తుని కాలంలో, 484లో. అదీ గురువారమే కావడం కాకతాళీయం. నాగార్జునకొండ శాసనాలకు సంవత్సర నామం తెలుసు, వారంతో పని లేదు. వారం లేనిదే రాజూ లేడు, మంత్రీ లేడు, సస్యాధిపతీ లేడు. కాబట్టి ఏటికి పేరు పెట్టడం పాత పొర, ఏటి ఫలితాలు చెప్పడం దాని మీద తరువాత పడిన పొర అని చెప్పడానికి మనకు ఆధారం ఉంది. ఆ యువకుడు ఒకదానిని తీసుకొని మరొకదానిని కాదన్నప్పుడు, తనకు తెలియకుండానే, ఆ రెండు పొరల నడుమ ఉన్న అతుకు మీదనే వేలు పెట్టాడు.

పాలి వాఙ్మయం ఈ విషయంలో దాపరికం లేకుండా మాట్లాడింది. దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం గ్రహణాల ఫలాలు, వర్షాలు, కరవులు, రాజుల జయాపజయాలు చెప్పి బతకడాన్ని శ్రమణుడు విడువవలసిన హీనవిద్యల్లో చేర్చింది. జాతకాల్లో నక్ఖత్త జాతకమని ఒకటి ఉంది. పల్లెలో పెళ్ళి నిశ్చయించుకున్న పట్నం వాళ్ళు, ఈరోజు నక్షత్రం బాగాలేదన్న జ్యోతిష్కుని మాట విని వెళ్ళడం మానుకుంటారు. మరునాడు వెళ్ళేసరికి పెద్దలు పిల్లను మరొకరికిచ్చి పెళ్ళి చేసేసి ఉంటారు. కాని ఇదే వాఙ్మయం తిథులను కాదనలేదు. ఉపోసథానికి పక్షదినాలు లెక్కపెట్టడం, వర్షావాసానికి ఋతువు తెలిసి ఉండడం భిక్షువుకు విధి. లెక్క కావాలి, జోస్యం అక్కరలేదు. సింహళంలో, బర్మాలో, థాయిలాండులో, కంబోడియాలో బౌద్ధులు ఏప్రిల్ మధ్యలో మేష సంక్రమణాన్ని కొత్త ఏడాదిగా జరుపుకుంటారు. వసంతంలో ఏడు మారడం ఒక్క మతం సొత్తు కాదనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అక్కడ కూడా జోస్యులు లేకపోలేదన్నది వేరే మాట.

పంచాంగంలో రాశిరాశికీ నాలుగు అంకెలు ఇస్తారు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. వీటిని చూసినప్పుడల్లా మాకు అంగుత్తర నికాయంలోని అష్ట లోకధర్మాలు జ్ఞాపకం వస్తాయి: లాభం, అలాభం, యశస్సు, అపయశస్సు, నింద, ప్రశంస, సుఖం, దుఃఖం. మనిషిని పట్టి ఊపే గాలులు రెండు చోట్లా ఒకటే. ఒకచోట వాటికి అంకెలు వేసి ఏటి మొదటనే చేతిలో పెడతారు. మరొకచోట అవి వచ్చినప్పుడు మనసు ఎలా ఉండాలో చెబుతారు. పద్నాలుగు–రెండు వచ్చిన ఏటనే పాలేరుగా కుదిరిన ఆ పెద్దాయనకు వీటిలో ఏది పనికివచ్చి ఉండేదో మేము చెప్పబోము.

ఉగాదికి మూడో నాడు ఏప్రిల్ 14, ఆదివారం. పిల్లలు పార్లమెంటు వీధిలో అంబేద్కర్ జయంతికి వెళ్ళివచ్చారు. సాయంత్రం ఆ యువకుని వెంటబెట్టుకొని మేము యమున ఒడ్డున మజ్నూ కా టీలాలోని టిబెటన్ల కాలనీకి బయలుదేరాము. రబ్‌జుంగ్ లెక్క గ్రంథాల్లో చదివినదే తప్ప, అచ్చులో చూడాలని మాకు ఎన్నాళ్ళుగానో కోరిక. ఫిబ్రవరి 11ననే వారికి లోసార్, అంటే సంవత్సరాది, గడిచిపోయింది. ఒక చిన్న దుకాణంలో ఆ ఏటి పంచాంగం ఇంకా మిగిలి ఉంది. ఈ ఏడు ఏమిటని అడిగితే, దుకాణంలోని వృద్ధుడు జలసర్ప సంవత్సరమన్నాడు. దానికి మరో పేరు కూడా ఉండాలి గదా అన్నాము. ఆయన కళ్ళద్దాలు సర్దుకొని, మొదటి పుట తిప్పి, వేలితో చూపుతూ చదివాడు: నమ్‌గ్యాల్.

దాని అర్థమేమిటని యువకుడు హిందీలో అడిగాడు. "విజయ్" అన్నాడాయన. తమలో మగపిల్లలకు ఆ పేరు పెట్టుకుంటామని కూడా చెప్పాడు.

యువకుడు సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. ఉగాదినాటి లెక్క వేసినది తన మిత్రుని పుస్తకం వెనుక అట్ట మీద. దానిని అతడు తన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాడని మాకు అప్పుడే తెలిసింది. పదమూడు, ఎనభై ఐదు, పదకొండువందల ఐదు. వాటి కింద ఖాళీగా ఉన్న చోట ఆ వృద్ధుని చేత టిబెటు లిపిలో ఆ పేరు రాయించుకున్నాడు.